గోదావరికి వరదొస్తే నాసిక్‌నే ఎందుకు చూపిస్తారు? అసలు మన నీళ్ళు పుట్టేదెక్కడ?

కరకట్ట_కింది_ఇల్లు
మాది భద్రాచలం. నీళ్ళు 48 అడుగులు దాటి రెండో హెచ్చరిక పడిందంటే చాలు, టీవీలో ఒకటే పాట. "ఎగువన నాసిక్‌లో కుండపోత, ఉగ్రరూపం దాల్చిన గోదావరి." వెనకాల నాసిక్‌లో నడుం దాకా మునిగిన దుతోండ్యా మారుతి విగ్రహం. మొన్న కూడా అదే వేశారు. నాసిక్‌లో ఉద్యోగం చేసే మా బావమరిదికి ఫోన్ చేస్తే "ఇక్కడ మిద్దె మీద బట్టలారేసుకుంటున్నాం బావా, వానెక్కడిది" అన్నాడు.

గోదావరి త్ర్యంబకంలో పుడుతుందని బడిలో బట్టీ పట్టాం. అక్కడ వాన లేకపోతే మా కరకట్టని ఒరుసుకుంటూ పోయే ఈ ఎర్రనీళ్ళు ఎవరివి? ఒక నది ఫలానా చోట పుట్టిందని ఏ లెక్కన చెప్తారు? తెలిసినవాళ్ళు కాస్త విడమరచి చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు వద్దు.

ఆయ్_కోనసీమ
మీకు నాసిక్‌నన్నా చూపిస్తున్నారు. మాకు భద్రాచలం చూపించి భయపెడతారండి.

పాత_లస్కరు
కరకట్ట గారూ, మీ బావమరిది చెప్పిందే నిజం. నాసిక్‌లో పడ్డ చినుకు మీ దగ్గరికి రావాలంటే ఎన్ని గేట్లు దాటాలో చూడండి. నాసిక్ ఎగువన గంగాపూర్ డ్యామ్. తర్వాత పైఠన్ దగ్గర జయక్‌వాడి. అదొక్కటే 100 టీఎంసీల పైమాట. జులైలో అది సగం ఖాళీగా ఉంటే నాసిక్ వరదంతా దాని కడుపులోకే పోతుంది. అది నిండి పొర్లితే నాందేడ్ దగ్గర విష్ణుపురి, తర్వాత బాబ్లీ, ఆపైన మన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి. ఇన్ని తలుపులు దాటి వచ్చేసరికి ఆ నీటికి ఊపు ఉండదు.

మీకు వరద తెచ్చేది కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహిత. ఆ కింద ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే ఇంద్రావతి. ఈ రెండూ కలిశాక పేరూరు గేజి దగ్గర ఎంతుందో చూసుకుంటే భద్రాచలం సంగతి ముందే తెలిసిపోతుంది. మా కాలంలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని పేరూరు రీడింగు కోసమే ఎదురుచూసేవాళ్ళం. నాసిక్ రీడింగు అడిగినవాడు ఒక్కడు లేడు.

మీకు దిగువన కూనవరం దగ్గర శబరి ఉంది. అదీ జోరుగా ఉంటే గోదావరి కిందికి లాగదు, మీ దగ్గర అడుగు తగ్గడానికి రోజు పడుతుంది. గోదావరిదే పైచేయి అయితే శబరి వెనక్కి తన్ని చింతూరు మునుగుతుంది.

సిరొంచ_పోరడు
లస్కరు సార్ చెప్పింది పక్కా. మాది సిరొంచ. జిల్లా గడ్చిరోలి, రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్ల మాట తెలుగు. మా ఊరికి ఎదురుంగనే సంగమం. ఎండకాలం చూడాలె మీరు. బ్యారేజీ కట్టకముందు ఏప్రిల్‌ల గోదారి దిక్కు మొత్తం ఇసుకే, బండి మీద పోతుండె. ప్రాణహిత దిక్కు మాత్రం పడవ కావాలె. వానకాలంల రెండు నీళ్ళు కలిసే కాడ చాలా దూరం రంగు వేరువేరుగ కనవడ్తది. ఏది పెద్దదని మా ఊర్ల చిన్న పిల్లగాన్ని అడిగినా ప్రాణహిత దిక్కే చెయ్యి చూపిస్తడు.

గోదారి మా నదిల కలుస్తది అంటరు మా ముసలోళ్ళు. మీ పుస్తకాలల్ల ఉల్టా రాసిండ్రు.

త్ర్యంబక_యాత్రికుడు
మెల్లగా, మెల్లగా! ఇసుక కనబడితే నది చిన్నదైపోతుందా? నేను బ్రహ్మగిరి ఎక్కాను. రాతిమెట్లు, కోతులు, ఆపైన గంగాద్వారం. రాయి సందులోంచి సన్నటి ధార కారుతుంటే జనం సీసాలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. చెంబు నిండాలంటే ఓపిక కావాలి. కింద ఊళ్ళో కుశావర్తం. గౌతముడు గంగ జారిపోకుండా దర్భలతో కట్టేసిన చోటు అదేనని చెప్తారు. అక్కడ మునిగితే గోదావరిలో మునిగినట్టు, ప్రాణహిత ఒడ్డున తుమ్మిడిహట్టిలో మునిగితే కాదు. తల్లి పుట్టిల్లు ఎక్కడో క్యూసెక్కులతో కొలుస్తారా ఎవరైనా?

సిరొంచ_పోరడు
తుమ్మిడిహట్టిల మునిగితే ప్రాణహిత పుష్కరం పుణ్యం వస్తది అన్నా. 2022ల లక్షల మంది మునిగిండ్రు.

త్ర్యంబక_యాత్రికుడు
అదే నేనూ అంటున్నది! ప్రాణహితకి మీనరాశిలో వేరే పుష్కరం పెట్టారంటే అది వేరే నదనేగా పెద్దల లెక్క. గోదావరికి గురుడు సింహంలోకి వచ్చినప్పుడు. నాసిక్‌లో సింహస్థ కుంభమేళా కూడా సరిగ్గా అప్పుడే. 2015లో రాజమండ్రిలో పుష్కరాలు, అదే ఏడు నాసిక్‌లో కుంభమేళా. మళ్ళీ 2027లో రెండు చోట్లా. ఆ కొసా ఈ కొసా ఒకే నది అని పంచాంగమే చెప్తోంది.

ఆయ్_కోనసీమ
ఈయనకి పాయింటు దొరికిందండోయ్.

భూగోళం_మేస్టారు
ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు చెప్తున్నారు. నది మొదలు తేల్చడానికి వాడుకలో మూడు పద్ధతులున్నాయి. సముద్రం నుంచి ఎదురు నడిచి అన్నిటికన్నా దూరంగా ఉన్న ఊట ఏదో చూడటం ఒకటి. ప్రతి సంగమం దగ్గరా ఎక్కువ నీళ్ళు తెచ్చే పాయనే పట్టుకుని పైకి పోవడం ఇంకొకటి. మూడోది, జనం ఏ పాయని ఆ పేరుతో పిలుస్తూ వచ్చారో అదే.

గోదావరిలో తమాషా ఏమిటంటే ఈ మూడూ ఒకే చోటికి తీసుకుపోవు. కాళేశ్వరం దగ్గర నిలబడి పొడవు చూస్తే త్ర్యంబకం పాయదే గెలుపు. నది మొత్తం 1,465 కిలోమీటర్లంటే ఆ దారినే కొలిచారు. పరీవాహక ప్రాంతం చూస్తే ఇద్దరూ దాదాపు సమఉజ్జీలు. ప్రాణహితది 1,09,000 చదరపు కిలోమీటర్లు, అంటే గోదావరి మొత్తం 3,12,812లో మూడో వంతుకు పైనే. అటు గోదావరి, మంజీర, మానేరు అన్నీ కలుపుకుని ఆ పాటికి కాస్త ఎక్కువ, అంతే. నీళ్ళ లెక్కకి వస్తే మాత్రం పోటీయే లేదు, ప్రాణహితే.

కారణం వాన. త్ర్యంబకం, ఇగత్‌పురి వైపు వాన దంచి కొడుతుంది గానీ ఆ తడి పడమటి కనుమల అంచు వరకే. కొండ దిగి తూర్పుకి వస్తే అహ్మద్‌నగర్, బీడ్, లాతూర్, అంతా వాననీడ. గోదావరి సగం ప్రయాణం కరువు సీమలోనే. ప్రాణహిత తడిసేది బంగాళాఖాతం వాయుగుండాలతో. అవి ఒడిశా దగ్గర ఒడ్డెక్కి ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా పోతూ ఇంద్రావతినీ, ప్రాణహితకి నీళ్ళిచ్చే వైన్‌గంగనీ నింపేసి పోతాయి. అందుకే నాసిక్‌లో ఎండ, భద్రాచలంలో వరద.

మంజీర_మలుపు
మేస్టారూ, పొడవు లెక్కన కూడా త్ర్యంబకం ఏకగ్రీవం కాదండీ. మాది కందకుర్తి పక్కన. మంజీర 724 కిలోమీటర్లు. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా పోయి, సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్ళి, నిజాంసాగర్ మీదుగా మా కందకుర్తిలో గోదావరిని కలుస్తుంది. త్ర్యంబకం నుంచి కందకుర్తికి గోదావరి కూడా ఏడు వందలకి కాస్త అటూ ఇటూనే. రెండూ ఇంచుమించు సమానం. సంగమం దగ్గర ఒకదాని పేరే ఎందుకు ముందుకి పోవాలి?

భూగోళం_మేస్టారు
మంచి ప్రశ్న. పాతిక ముప్పై కిలోమీటర్ల తేడా మీద నది పొడవు పందేలు వేయకూడదు. మ్యాపు స్కేలు మారిస్తే వంపులు ఎక్కువ కనబడి పొడవు పెరుగుతుంది. నీళ్ళ మాటకొస్తే మంజీర నిలబడదు. లాతూర్ మంజీర పరీవాహకంలోదే. 2016లో ఆ ఊరికి మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్ళు తోలాల్సి వచ్చింది.

మంజీర_మలుపు
అదే కరువు నదితో హైదరాబాద్‌కి దశాబ్దాల పాటు నీళ్ళు తాగించాం. అది కూడా రాయండి.

మూసీ_ఒడ్డున
తాగాం, కాదనం. మా మూసీ అనంతగిరిలో పుట్టే చోట చూస్తే ఎంత తేటగా ఉంటుందో. ఊళ్ళోకి వచ్చాక మాత్రం అడక్కండి.

కరకట్ట_కింది_ఇల్లు
మూసీ కృష్ణ బాపతు. దానికి వేరే దారం తెరవండి. మేస్టారు చెప్పిన వాయుగుండం మాట బాగుంది. మా దగ్గర ముసలివాళ్ళు తూరుపు గాలి పట్టిందంటే సామాను అటక మీదకి ఎక్కించేస్తారు. పడమటి మబ్బుకి కదలరు. మరి ఆ వైన్‌గంగ ఎక్కడ పుడుతుంది?

పాత_లస్కరు
మధ్యప్రదేశ్ సివనీ జిల్లా, ముండారా అనే ఊరి దగ్గర. సాత్పురా మెట్ట. అక్కడినుంచి ముందు ఉత్తరానికి పోయి, చుట్టు తిరిగి దక్షిణానికి దిగుతుంది. భండారా జిల్లాలో గోసిఖుర్ద్ డ్యామ్. గడ్చిరోలి అంచుల్లో వార్ధా కలుస్తుంది. ఆ కలిసిన చోటే తుమ్మిడిహట్టి, అక్కడినుంచే ప్రాణహిత అనే పేరు. వార్ధా పుట్టేది కూడా మధ్యప్రదేశే, బేతుల్ జిల్లా ముల్తాయ్ దగ్గర. మన ఆదిలాబాద్ పొలిమేర పట్టుకుని వచ్చే పెన్‌గంగ ఈ వార్ధాలోనే కలిసేది.

కాబట్టి మీ వరదకి చిరునామా కావాలంటే సివనీ, బేతుల్, కాలాహండి. ఇంద్రావతి పుట్టేది ఒడిశా కాలాహండి జిల్లాలో.

ఢిల్లీ_రైలు
ముల్తాయ్! నాగపూర్–ఇటార్సీ లైన్లో స్టేషన్ ఉంది. ఢిల్లీ పోయే మన బళ్ళన్నీ దాని మీదుగానే పోతాయి, ఎక్కువ ఆగవు. తపతి నది కూడా ఆ ఊళ్ళోనే పుడుతుంది, గుడి, కోనేరు ఉన్నాయి. అంటే ఒకే కొండమీద వాన కొంత సూరత్ పోతుంది, కొంత మన అంతర్వేదికి వస్తుంది. కాగజ్‌నగర్ దాటి బల్హార్షా వచ్చే ముందు పెద్ద వంతెన వస్తుంది కదా, అదే వార్ధా. పల్లీలు తింటూ ఎన్నోసార్లు దాటాం, గోదావరి నీళ్ళే అని ఎవరూ చెప్పలేదు.

భూగోళం_మేస్టారు
బ్రహ్మగిరిదీ అదే కథ. ఆ చుట్టుపక్కల కొండల్లోనే వైతరణ పుట్టి పడమటికి పోయి అరేబియా సముద్రంలో కలుస్తుంది. ముంబయివాళ్ళు తాగేది ఆ నీళ్ళే. త్ర్యంబకం నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. అంత దగ్గరి సముద్రాన్ని వదిలి గోదావరి తూర్పుకి తిరిగింది. పీఠభూమి మొత్తం తూర్పుకి వాలి ఉండటమే కారణం.

ఆయ్_కోనసీమ
మా మీద ప్రేమండి. పులస కోసం వచ్చుంటుంది.

మిన్నెసోటా_మావయ్య
ఇక్కడా ఇదే గొడవ నడుస్తుంటుంది. మా రాష్ట్రంలో ఇటాస్కా చెరువు దగ్గర మిసిసిపీ మొదలవుతుందని బోర్డు. రాళ్ళ మీద అడుగులేస్తూ నదిని దాటేయొచ్చు, పిల్లలకి అదో సరదా. కానీ సెయింట్ లూయిస్ ఎగువన కలిసే మిజోరీని పట్టుకుని పైకి పోతే మోంటానా కొండల దాకా పోవచ్చు, ఆ దారి ఇంకా చాలా పొడవు. ఇంకా కిందికి దిగి కైరో ఊరి దగ్గర చూస్తే ఒహాయో నది తెచ్చే నీళ్ళు మిసిసిపీ తెచ్చేదానికన్నా ఎక్కువ. అయినా పేరు మిసిసిపీదే. ఎవరూ బోర్డు పీకలేదు.

దేవప్రయాగ_దాకా
గంగ సంగతీ అంతే. దేవప్రయాగలో అలకనంద తెచ్చేదే ఎక్కువ నీళ్ళు. కానీ భగీరథుడి కథ ఉన్నది భాగీరథికి కనక గోముఖ్‌నే మొదలంటాం.

త్ర్యంబక_యాత్రికుడు
చూశారా? ఎక్కడికి పోయినా కథ ఉన్న పాయే గెలిచింది. ప్రాణహిత వాళ్ళు ఒక ఋషిని వెతుక్కోండి.

సిరొంచ_పోరడు
ఋషి లేకున్నా నీళ్ళున్నయ్. మీకు ఋషి ఉన్నడు, నీళ్ళు లేవు. 😀

కొవ్వూరు_గట్టు
గౌతముడి కథ అంటున్నారు గాబట్టి చెప్తున్నా. ఆవు పడిపోయిన చోటు మా కొవ్వూరు. గోష్పాద క్షేత్రం పేరు విన్లేదా? ఆ పాపం కడగడానికే గంగని తెచ్చారు. ఆ లెక్కన కథ మొదలైంది మా రేవులోనే.

త్ర్యంబక_యాత్రికుడు
గౌతముడి ఆశ్రమం బ్రహ్మగిరి మీద అయితే ఆవు కొవ్వూరు దాకా మేతకి వచ్చిందా?

కొవ్వూరు_గట్టు
మంచి గడ్డి కోసం వచ్చుంటుంది. లంక గడ్డి రుచి మీకేం తెలుసు.

బస్తర్_తెలుగు
ఇంద్రావతి గురించి లస్కరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు, దానికో పెద్ద తగాదా ఉంది. మాది జగదల్‌పూర్. ఒడిశా సరిహద్దులో జోరా నాలా అని ఒక వాగు. ఇంద్రావతి నీళ్ళు కొంత అందులోకి మళ్ళి దక్షిణంగా పోయి శబరిలో పడతాయి. దానివల్ల ఎండాకాలం జగదల్‌పూర్‌లో నది ఎండి, చిత్రకోట్ జలపాతం సన్నబడుతోందని ఇక్కడివాళ్ళ గోల. రెండు ప్రభుత్వాల మధ్య ఏళ్ళ తరబడి మాటలు నడుస్తున్నాయి.

పాత_లస్కరు
నాకు తెలిసిన సంగతే. మాకు దిగువన తేడా ఏమిటంటే, ఇంద్రావతిలో ఉంటే పేరూరుకి పైన వచ్చి కలిసేది, శబరిలో పడితే కూనవరం దగ్గర కలుస్తుంది. ఎటు పోయినా గోదావరికే.

శ్రీరాంసాగర్_ఆయకట్టు
మీ వరద లెక్కలు బాగున్నాయి గానీ పైన గోదావరి దండగ అన్నట్టు మాట్లాడుతున్నారు. మాకు సాగు దాని మీదే. పైన కట్టిన ప్రతి చెరువూ మా నోటి దగ్గర ముద్ద లాగేస్తోంది. బాబ్లీ సంగతి ఎవరూ ఎత్తరేం? సుప్రీంకోర్టు 2013లో జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలని చెప్పింది కాబట్టి సరిపోయింది. వాళ్ళ నాయకులూ మన నాయకులూ ఒకరికి ఒకరు...

[మిగతా భాగం తొలగించబడింది. పర్యవేక్షకుడు]

పర్యవేక్షకుడు
బాబ్లీ, కాళేశ్వరం, పోలవరం రాజకీయాలకి పాత దారం తెరిచే ఉంది. అక్కడికి పోయి కొట్టుకోండి. ఇక్కడ నది పుట్టుక ఒక్కటే.

కడెం_కాలువ
రాజకీయం కాదు, వరద మాటే. లస్కరు గారు ప్రాణహిత, ఇంద్రావతి అనేసి మధ్యలో వాగుల్ని మరిచారు. 2022 జులైలో మా కడెం ప్రాజెక్టు మీద నుంచే నీళ్ళు పొర్లాయి. ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ నీళ్ళు మహారాష్ట్రవీ కాదు, ఛత్తీస్‌గఢ్‌వీ కాదు, అచ్చంగా ఆదిలాబాద్ కొండలవి. అదే వారంలో భద్రాచలం 71 అడుగులు దాటింది.

కరకట్ట_కింది_ఇల్లు
71.3. ఇంట్లో గోడ మీద ఇప్పటికీ బురద గీత ఉంది, సున్నం వేసినా మళ్ళీ బయటికి వస్తోంది. 1986లో 75.6 అని మా నాన్న చెప్తుంటారు. అప్పటికి కరకట్ట లేదు.

కృష్ణా_శివారు_రైతు
ఇదంతా చదువుతుంటే నాకో అనుమానం. మాది దివిసీమ, కృష్ణా కాలువ చివరి భూములు. జూన్, జులైలో మాకు నాట్లకి వచ్చేవి పట్టిసీమ నీళ్ళు. 2015 నుంచి గోదావరిలో మోటార్లు పెట్టి తోడి, పోలవరం కుడికాలువ మీదుగా కృష్ణలో కలుపుతున్నారు కదా. పట్టిసీమ దగ్గర గోదావరి అంటే మీ లెక్కన ఎక్కువ భాగం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. అంటే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మకి హారతి ఇస్తున్నప్పుడు కింద పారేది సివనీ, కాలాహండి నీళ్ళా?

భూగోళం_మేస్టారు
ఆ నెలల్లో చాలా వరకు అంతే. మహాబలేశ్వరం నీళ్ళు ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, సాగర్ అన్నీ నిండాకే మీకు వస్తాయి. కొన్నేళ్ళు అసలు రావు.

కృష్ణా_శివారు_రైతు
మా ఆవిడకి చెప్పను. పుష్కరానికి మళ్ళీ రెండు చోట్లకి తిప్పమంటుంది.

త్ర్యంబక_యాత్రికుడు
మోటారు పెట్టి తోడితే నది మొదలు మారిపోదు.

పాత_లస్కరు
కాలువ తవ్వితే నీళ్ళ మొదలు మారుతుంది, నది పేరు మారదు. ఈ రెండూ విడగొట్టి చూస్తే ఇక్కడ ఎవరూ తప్పు కాదు. పూజకి త్ర్యంబకం. వరదకి పేరూరు గేజి. నాకు కోపం ఆ టీవీ వాళ్ళ మీదే. జనం నాసిక్ వాన ఆగిందని విని తేలిగ్గా పడుకుంటారు, తెల్లారేసరికి వాకిట్లో నీళ్ళు. అది తమాషా కాదు.

కరకట్ట_కింది_ఇల్లు
ఆ పేరూరు రీడింగు మాలాంటివాళ్ళకి ఎక్కడ దొరుకుతుంది?

పాత_లస్కరు
కేంద్ర జల సంఘం వరద సూచనల సైట్లో కాళేశ్వరం, పేరూరు, ఏటూరునాగారం, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం అన్నీ వస్తాయి. మీరు భద్రాచలం ఒక్కటే చూస్తూ కూర్చోకండి. పైన పేరూరు పెరుగుతోందా నిలకడగా ఉందా చూడండి. కింద కూనవరం కూడా చూడండి, శబరి పెరుగుతుంటే మీకు తగ్గుదల ఆలస్యం.

సిరొంచ_పోరడు
ఇంకొకటి రాసుకోండి. గోసిఖుర్ద్ గేట్లు. పొద్దున మా చుట్టం పౌని నుంచి ఫోన్ చేసిండు, మల్ల ఎత్తుతున్నరట. ఎల్లుండి దాక మా కాడికొస్తయ్.

ఆయ్_కోనసీమ
అయితే మాకింకా టైముందండి. లంకలో గేదెల్ని గట్టుకి తోలమని రేపు చెప్తా. ఇవ్వాళ చెప్తే ఎవడూ వినడు.

కరకట్ట_కింది_ఇల్లు
పోరడా, గేట్లు ఎన్ని ఎత్తారో తెలిస్తే రాత్రికి ఇక్కడ పెట్టు. నేను సామాను ఎక్కించడం మొదలుపెడతా.